పలుపు కోసం పోయినవాడు

పుంగనూరు ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డు పక్కన స్కూటరు ఆనించుకుని నిలబడిన ఒక ఆడమనిషి చెయ్యెత్తింది. బండి నడుపుతున్న కిరణ్ ఆపకుండా పోయేవాడే. కాకినాడ నుంచి ఇంత దూరం వచ్చాడు. అంగళ్లు అనే ఊరి దగ్గర చూసిన ఆవు నచ్చలేదు. కుప్పం పక్క పల్లెలో ఇంకొకటి ఉందని ఎవరో చెబితే, మదనపల్లె దాటి చిన్న లారీని పరుగెత్తిస్తున్నాడు. పక్కన కూర్చున్న ఓబులప్ప స్కూటరును చూడలేదు, మనిషి మొహాన్నీ చూడలేదు. ఆ చెయ్యెత్తిన తీరు చూశాడు. మోచెయ్యి మడవకుండా, గొర్రెల మందను మలిపేటప్పుడు ఎత్తినట్టు నిలువుగా ఎత్తింది. అట్లా ఎత్తేది సోమల దిక్కు పల్లెల వాళ్లే.

"ఆపప్పా," అన్నాడు.

"ఎవరు బాబాయ్? తెలిసినావిడా?"

"తెలీదు. ఆపు."

తెలిసినామే. పేరు యమున. ఓబులప్ప ఇంటికి రెండిళ్ల అవతలి కోడలు, ఆ ఊరి బళ్లో టీచరు. పుట్టింటి నుంచి వస్తుంటే స్కూటరు చక్రంలో గాలి పోయింది. పుంగనూరులో జనాభా లెక్కల రెండో విడత శిక్షణ, పొద్దు మించితే హాజరు వెయ్యరట. బండి లోపలికి తొంగిచూసి నోరు తెరిచింది.

"ఓబులప్ప మామా! నువ్వేనా? ఏం మామా, ఇట్ల తెల్లగా అయిపోయినావే! ఆడ ఎండే తగల్దా?"

"నీడలో పెట్టినారమ్మా నన్ను," అన్నాడు ఓబులప్ప.

స్కూటరును ఎదురుగా ఉన్న పంచరు కొట్టులో అప్పగించి, ఆమె కిటికీ వైపు ఎక్కింది. ఓబులప్ప మధ్యకు జరిగాడు. ఒక మోకాలికి గేరు కడ్డీ, ఇంకొక మోకాలికి టీచరమ్మ సంచి. కదలడానికి చోటు లేదు.

"యాడికి మామా? ఊరికేనా?"

అతను నోరు తెరిచేలోపు కిరణ్ అందుకున్నాడు. "కుప్పం అండి. ఆవు కోసం."

"ఇంగో ఆవా?" అంది యమున. ఆ మాటలో ఎగతాళి లేదు గాని, ఓబులప్పకు చెవుల దాకా వేడెక్కింది.

"మొన్ననే ఇంటింటికీ పోయి ఎవురెవురు ఉండారని అడిగొస్తినా," అని ఆమె చెప్పుకుపోయింది. "మునెమ్మత్తను అడిగితిని, మామ యాడుండాడత్తా అని. ఏమన్నాదో తెల్సునా? పలుపు తెచ్చేదానికి పోయినాడు, వస్తాడు అన్నాది. ఆరేండ్ల నుంచి అదే మాట మామా. మా బళ్లో పిల్లోళ్లు గూడా, నీళ్లకు పోయినోడు లేటుగా వస్తే, ఏమిరా పలుపు కోసం పోయినావా అంటాండారు."

కిరణ్ పకపకా నవ్వాడు. "పలుపేంటండి? దాని కోసం ఎవరైనా ఆరేళ్లుంటారా?"

ఓబులప్ప నవ్వలేదు. ఇది కిరణ్‌కు ఎన్నోసార్లు చెప్పిన సంగతే. చెప్పిన ప్రతిసారీ అతను విన్నాడు, వినీ మరిచిపోయాడు. కోస్తావాళ్లకు అది తాడు. అంతే.

ఆ మెట్ట పల్లెల్లో పశువును అమ్ముతారు గాని పలుపును అమ్మరు. మెడకు కట్టే ఆ తాడు ఇంటిది. కొనేవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. అమ్మేవాడు పాతది తన చేత్తో విప్పి, కొత్తది కట్టనిచ్చి, విప్పినదాన్ని కొట్టంలో గుంజకు తగిలించుకుంటాడు. పలుపు ఇంట్లో ఉన్నన్నాళ్లూ పశువుల సంతు ఇంట్లో ఉన్నట్టే లెక్క. కొనేవాడు ఒట్టి చేతులతో వస్తే బేరం ఇంకో రోజుకు వాయిదా వెయ్యాలి. అట్లా కాదంటే, అమ్మినవాడు తన పలుపుతోనే పశువును తోలుకుపోయి, కొత్త కొట్టానికి అది అలవాటుపడి ఒక ఈత ఈనిందాకా కనిపెట్టుకుని ఉండి, అప్పుడు పలుపు విప్పుకుని రావాలి. వెనకటికి ఇదేమంత బరువు కాదు. కొనేవాడు పక్క ఊరివాడే. పొద్దున పోయి చూసి, మాపటికి ఇంటికి వచ్చేవారు. ఈ కట్టుబాటు పెట్టిన పెద్దలకు ఈ దేశానికి సముద్రం అనేదొకటి ఉందని తోచినట్టు లేదు.

ఆరేళ్ల కిందట ఉమాశంకర్ అనే షిప్పింగు ఏజెంటు, కాకినాడాయన, తిరుమల దర్శనం చేసుకుని, కుటుంబంతో కారులో ఓబులప్ప ఊరికి వచ్చాడు. పుంగనూరు ఆవు ఇంట్లో ఉంటే మంచిదని ఎవరో చెప్పారట. మనిషి నడుం దాకా కూడా రాని ఆ పొట్టి ఆవులు ఒకప్పుడు ఈ దిక్కు రాళ్ల మధ్య గడ్డిపరకలు ఏరుకుని బతికినవి. ఎవరికీ పట్టక అంతరించిపోయేదాకా వచ్చి, ఉన్నట్టుండి ఒకనాడు పెద్దింటి ముద్దుబిడ్డలైపోయాయి. ఇప్పుడు వాటి పేరు పెట్టుకున్న ఊళ్లో వీధి వీధి తిరిగినా ఒకటి ఎదురుపడడం కష్టం. హైదరాబాదు బంగళాల్లో, విజయవాడ అపార్టుమెంట్ల సెల్లారుల్లో పట్టుపరుపుల మీద పడుకుంటున్నాయి. పశువుకైనా మనిషికైనా పుట్టిన ఊరి పేరు ఒంటికి అంటుకుని ఉంటుంది గాని, ఊరు అంటుకుని ఉండదు.

ఉమాశంకర్ ఓబులప్ప ఇంటి ఆవు గౌరిని చూసిన వెంటనే మనసు పారేసుకున్నాడు. పూలదండ తెచ్చాడు, జరీ శాలువా తెచ్చాడు, వెంట పశువుల డాక్టరును కూడా తెచ్చాడు. పలుపు మాత్రం తేలేదు. రాహుకాలం ముంచుకొస్తోంది, కారులో చిన్నపిల్ల ఆవును ఇప్పుడే తీసుకుపోదామని ఏడుస్తోంది. ఓబులప్ప మెత్తటి మనిషి. "సరేలే సారూ, నా పలుపుతోనే వస్తా. ఈనినాక తీసుకోనొస్తా," అన్నాడు. భార్య మునెమ్మ కొట్టం గడపలో నిలబడి, "కొనుక్కోని రమ్మను పో, మదనపల్లి ఎంత దూరముండాది?" అంది. మునెమ్మ మాట ఒక్కటి విని ఉంటే ఈ కథే లేదు.

కాకినాడ చేరాక మొదటి నెలలో గౌరి నీళ్లు ముట్టలేదు. ఆ నీళ్లలో ఏదో ఉప్పు జీర. ఓబులప్ప దోసిట్లో పోస్తేనే తాగింది. రెండో నెల మేత తినింది గాని అతను కనపడితేనే. తర్వాత చూలు నిలవలేదు. ఆ ఊళ్లో దానికి ఈడైన కోడె లేదు. డాక్టర్లు సూదులు వేశారు, మళ్లీ వేశారు. ఈనితేగాని పలుపు రాదు, పలుపు రాందే ఓబులప్ప రాడు. ఉమాశంకర్ చెడ్డవాడైతే ఎంతో బాగుండేది, పోట్లాడి వచ్చేసేవాడు. ఆయన మంచివాడు. కొట్టం పక్కన గది కట్టించాడు, ఫ్యాను పెట్టించాడు, బీపీ ఉందని తెలిసి మాత్రలు తెప్పించాడు. ఆసుపత్రికి ఇబ్బంది లేకుండా ఆధారు కార్డులో ఊరు కూడా మార్పించాడు. ఓబులప్ప నసుగుతూ పలుపు మాట ఎత్తితే, "తాడే కదయ్యా, నీకు వంద తాళ్లు కొనిస్తాను," అని వీపు తట్టేవాడు.

ఒకసారి మునెమ్మ వచ్చి చూసింది. "ఈ గాలేంది, తడిగుడ్డ మాదిరి మొగాన కొడతాండాది," అని, మేకలున్నాయి ఇంట్లో అని, వారం తిరక్కుండా బస్సెక్కింది. ఒకసారి అతను ఊరికి పోయాడు, కూతురి పెళ్లికి. పారాణి ఆరకముందే ఫోను. గౌరి పడుకుని లేవడం లేదు.

కాకినాడలో ఓబులప్పకు తెలిసిన ఊరంతా, గౌరిని పొద్దున్నే నడిపించే దారి. జగన్నాథపురం నుంచి ఉప్పుటేరు వంతెన దాకా. ఆ ఉప్పుటేటి ఒడ్డున ఒకప్పుడు డచ్చివాళ్లు గిడ్డంగులు పెట్టుకుని ఉండేవారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు వచ్చి ఊరి పేరును కోకనాడ అని తిప్పి రాసుకున్నారు. అమెరికాలో వాళ్లలో వాళ్లకు యుద్ధం వచ్చి పత్తి ఆగిపోతే, ఈ రేవు నుంచి పత్తి ఓడలు పోయాయి. పక్కనున్న కోరంగి ఇంతకంటె పాత రేవు. తుఫానులకు దెబ్బ తిని, ఇసుక మేటలు పడి, దాని భాగ్యం కూడా దీని ఒళ్లో పోసి పడుకుంది. ఈ తీరంలో ఓడెక్కి రంగూను పోయిన తెలుగువాళ్లు ఏ ఊరివాళ్లయినా సరే, బర్మాలో అందరికీ కోరంగీలనే పేరు. పందొమ్మిది వందల ఒకటి నాటి లెక్కల్లో కాకినాడ జనం నలభై ఎనిమిది వేలు, అంటే ఇవాళ్టి పుంగనూరు పాటి కూడా కాదు. రెండు వేల పదకొండుకు మూడు లక్షలు దాటారు. ఈ పెరిగినవాళ్లంతా అక్కడి తొట్టెల్లో ఊగినవాళ్లేనా? రేవు పట్నం జనాభా కాన్పులతో కొంత పెరుగుతుంది. మిగతాదంతా పని మీద వచ్చి, పనైపోగానే పోదామనుకుని, పోలేకపోయినవాళ్లతో పెరుగుతుంది.

ఓబులప్ప ఈ లెక్కలేవీ చదివినవాడు కాదు. కాని వాటిని రోజూ ఎదురుగా చూసేవాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ ఇచ్ఛాపురం దిక్కు నుంచి ఒక సీజను పనికని వచ్చాడు. ఇప్పుడు మనవరాలికి చెవులు కుట్టించాడు. ఇస్త్రీ బండి అతని తాత, జపానువాళ్ల బాంబులప్పుడు రంగూను నుంచి అడవుల వెంట నడిచి వచ్చినవాడట. సొంత ఊరు శ్రీకాకుళం జిల్లా, నడక ఇక్కడ ఆగింది. వంట చేసే ఒరియా ఆయన పండక్కి పోతానని ప్రతి ఏడూ సంచి సర్దుతాడు. ఆ మాటకొస్తే ఉమాశంకర్ తాత కూడా ఓడ దిగిన సరుకు లెక్క రాసుకోవడానికి పక్క జిల్లా నుంచి వచ్చిన గుమాస్తానే. "నీదే ఊరు?" అని కొత్తవాళ్లు అడిగితే ఓబులప్ప మొదట్లో సోమల మండలం అని, చిత్తూరు జిల్లా అని చెప్పేవాడు. తర్వాత తర్వాత, "గౌరి ఉండే ఇల్లు," అనడం మొదలుపెట్టాడు. అదే వాళ్లకు తొందరగా అర్థమయ్యేది.

ఇప్పుడు ఉమాశంకర్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. గౌరికి తోడు లేకనే బెంగ, ఇంకో పుంగనూరు ఆవును తెస్తే అంతా సర్దుకుంటుంది, అప్పుడు ఓబులప్ప నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. అందుకే కిరణ్‌ను, బండిని ఇచ్చి పంపాడు. ఓబులప్పకు తెలుసు. రెండో ఆవు అంటే రెండో గుంజ.

"ఒగ మాట అడుగుతా మామా," అంది యమున. "నిన్ను యాడ రాసేది?"

"యాడ రాసేదేంది?"

"జనాభాలో. అత్తను, ఇంట్లో ఎందరుండారంటే, ఇద్దరు అన్నాది. మాకేమో, ఆర్నెల్లకు మించి యాడుంటే ఆడే రాయాలని సెప్పిరి. అట్లయితే నువ్వు మా ఊరోనివి గాదు మామా. కాకినాడోనివి."

"నేనా?"

"నువ్వే. మా ఊర్లో ఒగటి తగ్గె, ఆడ ఒగటి పెరిగె."

కిరణ్‌కు ఇది బాగా నచ్చింది. "ఆయ్, మరేనండి! బాబాయ్ మావోడే. మా ఊరి పులస కూడా తిన్నాడు."

"గౌరిని యాడ రాస్తారు మే?" అని అడిగాడు ఓబులప్ప.

"పశువుల లెక్క వేరే మామా. అదీ ఆడిదే, ఎప్పుడో రాసేసుంటారు." ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆపుకుంది. "ఊరికే అంటినిలే. ఈ లెక్కలకేమి, ఈ పొద్దు నువ్వు ఇంటికొస్తే ఇక్కడే రాస్తా."

పుంగనూరులో సోమల దిక్కు పోయే దారి చీలే చోట ఆమె దిగింది. దిగి తలుపు వెయ్యకుండా పట్టుకుంది. "దిగు మామా. అద్దో, మన బస్సు నిలబడుండాది. అరగంటలో ఇంట్లో ఉంటావు."

బస్సు నిజంగానే నిలబడి ఉంది. కండక్టరు మెట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఓబులప్ప కాళ్లు ఒకసారి ముందుకు జరిగాయి.

"వచ్చేటప్పుడు దిగుదురుగాని బాబాయ్," అన్నాడు కిరణ్. "ఒక గంట ఆపుతాను. ఒట్టు."

"వచ్చేటప్పుడు బండ్లో ఆవుంటాది గదప్పా. ఎండలో ఆవును నిలబెట్టి నేనెట్ల దిగేది?"

కిరణ్ అది ఆలోచించలేదు. తల గోక్కున్నాడు. యమున తలుపు పట్టుకునే ఉంది. ఓబులప్ప ఆ తలుపును చూశాడు, బస్సును చూశాడు, తన చేతులను చూసుకున్నాడు. పలుపు కోసం పోయినవాడు ఒట్టి చేతులతో గడప ఎక్కి ఏమని చెప్పాలి?

"పో మే, నీకు పొద్దుబోతాది," అన్నాడు.

పలమనేరు దాటి వి.కోట మీదుగా కుప్పం దారి పట్టాక కిరణ్ పాటలు పెట్టుకున్నాడు. ఓబులప్ప కళ్లు మూసుకున్నాడు గాని నిద్రపోలేదు. పొద్దున మదనపల్లెలో టీ కోసం ఆగినప్పుడు, తాళ్ల అంగడి ఎదురుగానే నిలబడ్డాడు. జనపనారతో పేనిన పలుపులు, మువ్వలు కట్టినవీ కట్టనివీ, గుత్తులుగా వేలాడుతున్నాయి. అంగడాయన "ఏం కావాలప్పా?" అని అడిగాడు కూడా. "ఏమొద్దు," అని ఓబులప్ప వచ్చేశాడు. మరిచిపోలేదు. కావాలనే కొనలేదు. కొనేవాళ్లు పలుపు లేకుండా పోతే, అమ్మేవాడి పలుపుతోనే ఆవు బండెక్కాలి. అమ్మేవాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు వెంట రావాలి. ఇంకొక మనిషి వస్తే గౌరి ఆ మనిషికి అలవాటుపడుతుంది. అప్పుడు తను దిగిపోవచ్చు. ఆరేళ్లుగా ఆ గదిలో ఫ్యాను కింద పడుకుని ఎంత వెతికినా దొరకని దారి, ఒక అంగడి ముందర టీ గ్లాసు పట్టుకుని నిలబడితే దొరికింది. దొరికినప్పటి నుంచి టీ రుచి నోట్లో చేదుగానే ఉంది.

కుప్పం దగ్గరి ఆ పల్లెలో గోవిందప్ప ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మల్బరీ తోట దాటగానే పెంకుటిల్లు, ముందర బండలు పరిచిన వాకిలి, పక్కన కొట్టం. మూడు రాష్ట్రాలు కలిసే ఆ మూల వాళ్ల తెలుగులో కన్నడం, తమిళం కందిపప్పులో రాళ్ల మాదిరి తగులుతుంటాయి. గోవిందప్ప అరవై దాటిన రైతు. భార్య రత్నమ్మ మజ్జిగ తెచ్చింది. కొడుకు దేవరాజు రోజూ కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి ఒక ఫ్యాక్టరీలో పనిచేసి వస్తుంటాడు. ఈ పొద్దు వారపు సెలవు. కోడలు నందిని నిండు కడుపుతో గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

ఆవు మంచిది. ఓబులప్ప తోక పట్టి చూశాడు, గంగడోలు తడిమాడు, నోరు తెరిచి పళ్లు చూశాడు. చెప్పులు విప్పి కొట్టంలోకి వెళ్లి, మూపు మీద చెయ్యి వేస్తే చర్మం అల లాగా కదిలింది. గౌరి చర్మమూ అట్లానే కదిలేది, ఆ మొదట్లో. ఇప్పుడు కదలదు.

బేరం తొందరగానే కుదిరింది. గోవిందప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పలుపు తెస్తిరా?"

కిరణ్ బిక్కమొహం వేశాడు. "తాడు బండిలో ఉండాలండి... నైలానుది."

"నైలాన్ గొంతుకు కడతారా యాడన్నా? అది లగేజి కట్టేది," అంది రత్నమ్మ. "ఏమన్నా ఓబులన్నా, నువ్వన్నా సెప్పకూడదా? నువ్వు మనోనివే గదా."

ఓబులప్ప మజ్జిగ గ్లాసు వైపు చూశాడు. "యామారుపాటుగా వచ్చేస్తిమమ్మా," అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి అలవాటు లేదు.

అప్పుడే కిరణ్ ఫోను మోగింది. వీడియో. ఉమాశంకర్. "ఓబులప్ప ఉన్నాడా? ఇటివ్వు. ఓబులప్పా, త్వరగా వచ్చెయ్యవయ్యా. చూడు నీ కూతురు ఎలా పడుకుందో. నిన్నటి నుంచి కుడితి ముట్టలేదు." తెరలో గౌరి కనిపించింది. మెడలో ఓబులప్ప పేనిన పలుపు నలుపెక్కి ఉంది. చుట్టూ నిలబడినవాళ్లందరూ ఫోను మీదికి వంగారు.

"అబ్బా, ఫ్యాను గూడా పెట్టినారే దానికి!" అన్నాడు దేవరాజు. "వెనకాల కనపడేది సముద్రమా సార్?"

"సముద్రం ఇంకొంచెం దూరం నాన్నా. నువ్వెవరు?"

"ఈ ఆవు మాదే సార్. నేను వస్తా సార్ దీంతో, మా పలుపు పెట్టుకోని. పది దినాలుండి వస్తా."

ఓబులప్ప వేసిన వల అది. లాగే పని కూడా లేకుండా చేప దానంతటదే ఎగిరి పడింది.

కిరణ్ ఫోనును పక్కకు తీసుకుపోయి మాట్లాడి, నవ్వు మొహంతో తిరిగొచ్చాడు. "బాబాయ్, సారుకి కుర్రాడు తెగ నచ్చేశాడు. రెండిటినీ అతనే చూసుకుంటానంటే మీరు పుంగనూరులో దిగిపోవచ్చన్నారు. సామాను తర్వాత పార్సిల్లో పంపుతారట. సరేనా? ఇక మీరు ఇంటికే!"

ఆరేళ్లుగా ఎదురు చూసిన మాట. ఇంత సులువుగా, మజ్జిగ తాగుతుంటే వచ్చేసింది.

దేవరాజు అప్పుడే గుంజ నుంచి ఆవును విప్పి, పలుపు చేతికి చుట్టుకుని వాకిట్లోకి తెచ్చాడు. ఓబులప్ప అతని దగ్గరికి పోయాడు.

"పది దినాల్లో రాలేవప్పా."

"యాల రాలేను?"

"నేనూ అట్లే అంటిని. ఈనిందాకా పలుపు రాదు. ఆ ఊర్లో అది ఈనదు."

"ఈనకుంటే మానె. నేను పలుపు విప్పుకోని వస్తా."

"నీ సేతిలోనే తింటాది, నీ సేతిలోనే తాగతాది. నువ్వు బస్సెక్కితే పడుకుంటాది. ఆ సారు ఫోన్ సేస్తాడు. తిట్టడప్పా, బతిమాలతాడు. తిడితే వచ్చేయొచ్చు."

దేవరాజు తండ్రి వైపు చూసి కన్ను గీటాడు. "ఏం మామా, ఉద్యోగం పోతాదని భయమా నీకు? ఫ్యాను, రూము, సముద్రం గాలి. నన్ను సూడు, దినామూ బెంగుళూరుకు నిలబడి పోవాల, నిలబడి రావాల. ఆ రైల్లో గౌరిని ఎక్కించు, అది గూడా పడుకోని లేయదు."

అందరూ నవ్వారు. కిరణ్ అందరికంటె గట్టిగా నవ్వాడు. నందిని నవ్వలేదు. ఒళ్లో చిక్కుడుకాయలు అట్లాగే ఉన్నాయి.

"మామా," అంది మెల్లగా. "ఈ ఆరేండ్లలో అత్తను నువ్వు ఎన్ని తూర్లు సూసినావు?"

"ఏం మే, ఇప్పుడు ఆ మాటలు?" అని రత్నమ్మ గదమాయించింది.

"రెండు తూర్లమ్మా," అన్నాడు ఓబులప్ప.

ఆవు తోకతో ఈగను తోలుకుంది. ఓబులప్ప ఇంకేదైనా చెప్పొచ్చు. రాత్రి ఉప్పు గాలికి గోడల సున్నం రాలే చప్పుడు గురించి, కూతురు కాన్పు కబురు ఫోనులో విని కొట్టంలో నిలబడి పేడ ఎత్తడం గురించి. అవి చెప్పినా దేవరాజుకు ఎక్కవని తెలుసు. అతనికి ముప్పై ఏళ్లు. ఈ చివరి నుంచి చూస్తే ఆ చివర ఉన్న ఊరు ఎప్పుడూ వెడల్పుగానే కనిపిస్తుంది.

పుంగనూరులో దిగి, సోమల బస్సెక్కి, చీకటి పడేలోపు మునెమ్మ ముందర నిలబడడం అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆమె ఏమీ అడగదు. అన్నం పెడుతుంది. ఎవరో ఒకరు ఏదో ఒకనాడు చెబుతారు, కుప్పం దగ్గర గోవిందప్ప కొడుకు పలుపు కోసం పోయి ఇంకా రాలేదట అని. అప్పుడు చూస్తుంది మునెమ్మ అతని వైపు.

ఓబులప్ప దేవరాజు పిడికిలి పట్టుకున్నాడు. "ఇడు."

"ఏంది మామా?"

"ఇడు అంటాండా."

నలభై ఏళ్లు పశువుల తాళ్లు పట్టిన చెయ్యి అది. దేవరాజు వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. ఓబులప్ప వంగి, ఆవు మెడ కింద ముడి వెతికి, గోరుతో లాగి, విప్పాడు. పలుపు మెడ మీది నుంచి జారి కింద పడబోతే పట్టుకుని, రెండు మడతలు వేసి, గడపలో కూర్చున్న నందిని ఒళ్లో, చిక్కుడుకాయల మీద పెట్టాడు.

"కొట్టంలో తగిలించు పోమ్మా."

ఆవు మెడలో ఏమీ లేకుండా వాకిట్లో నిలబడింది. ఎటూ పోలేదు. ఎవరు ముందు దాన్ని ముట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.

"ఇదేంటి బాబాయ్!" కిరణ్ గొంతు లేచింది. "ఇప్పుడు బండెలా ఎక్కించాలి?"

"ఎక్కించొద్దు. మీ సారును రమ్మను. పలుపు కొనుక్కోని, ఆయన సేత్తో ఆయన్నే కట్టుకోమను. కట్టినోళ్లే సాకల్ల."

"ఆయన రారు! ఆయనకి ఓడలున్నాయి, పనులున్నాయి..."

"నాకూ ఉండె," అన్నాడు ఓబులప్ప.

గోవిందప్ప తువ్వాలు తీసి మళ్లీ దులిపాడు. "ఆయన సెప్పేది న్యాయమే కదా. పలుపు లేకుండా బేరమేంది," అని గొణిగాడు, ఎవరికీ కాకుండా. దేవరాజు మొహం కందిపోయింది. "ఆ ముసిలోనికేమి పట్టె? వాళ్లే రమ్మంటాండారు, నేనే పోతానంటాండా..." అంటూ తల్లితో వాదనకు దిగాడు. రత్నమ్మ కొడుకును కాదు, కోడలిని చూస్తోంది. నందిని పలుపు పట్టుకుని అప్పటికే లేచింది. ఆ కడుపుతో అంత త్వరగా లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

కిరణ్ ఫోను నొక్కుతూ, ఓబులప్ప వెనకాలే వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అది సరే బాబాయ్. మరి గౌరి సంగతేంటి? అక్కడ అది తిండి మానేసి పడుకుంది. మీ పలుపే కదా దాని మెళ్లో ఉంది?"

ఓబులప్ప నిలిచాడు. కొట్టం వైపు చూశాడు, బండి వైపు చూశాడు. బండి తలుపు తెరిచే ఉంది. మధ్య సీటు, గేరు కడ్డీ, డ్యాష్‌బోర్డు మీద అతని మాత్రల పొట్లం. కిరణ్ "హలో సార్," అని అటు తిరిగాడు.

ఓబులప్ప వాకిలి దాటి మల్బరీ తోట పక్క కాలిబాట పట్టాడు. చూసినవాళ్లు ఒంటేలుకు పోతున్నాడేమో అనుకున్నారు. ఎవరూ పిలవలేదు. తోట చివర కూడా ఆగకుండా గట్టెక్కి, పుంగనూరు బస్సులు దొరికే కుప్పం రోడ్డు వైపు మలుపు తిరుగుతుంటే, మొదట నందినే చూసింది.

"మామా! సెప్పులు ఇడిసిపెట్టినావు!" అని కొట్టం దగ్గర నుంచి అరిచింది.

అంత దూరానికి వినిపించి ఉండాలి. అతను వెనక్కి తిరగలేదు. ఎండకు కాలిన మట్టి మీద, అరికాళ్లు కాస్త ఎత్తెత్తి వేస్తూ, అదే నడకతో పోయాడు.